శబ్దం రాని పెళ్లి సీడీ

పొద్దున పక్కింటి ఎస్తేరమ్మ తన బిడ్డ పెళ్లి సీడీ పట్టుకుని వచ్చింది. పోయిన నెల కన్నుమూసిన ఆమె భర్త ఆ పెళ్లిలో మైకు పట్టుకుని ప్రార్థన చేశాడట. ఆ గొంతు మళ్లీ వినాలని ఆమె ఆశ.

మా కంప్యూటర్‌లో బొమ్మ కదిలింది గానీ శబ్దం లేదు. రేడియోలు విప్పి పని నేర్చుకున్నవాణ్ణి, ఊరుకుంటానా? రేడియోకైతే ఒక్క దెబ్బ చరిస్తే పలికేది. దీనికి ఆ మర్యాద తెలియదు. బ్రౌజర్‌లో తెరిస్తే ప్లగిన్ అనే తోడు ప్రోగ్రామ్ కావాలంది, ప్లేయర్ మారిస్తే ఇంకేదో అడిగింది. మధ్యాహ్నానికి శబ్దాన్ని విప్పి వినిపించే కోడెక్ ఒకటి వేస్తే స్పీకర్ మోగింది.

వచ్చింది సినిమా పాట! మన పెళ్లి వీడియోలు తెలిసినవే కదా, మొదటినుంచి చివరిదాకా పాటలు అతికించేవారు. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నాడు, పైన డ్యూయెట్ నడుస్తోంది.

"జర గా పాట తీసెయ్ అన్నా. కింద ఆయన మాట ఉంటది గదా."

"ఇయ్యాల మిషన్ వేడెక్కింది చెల్లె. రేపు జూద్దాం."

"మంచిది. గిన్ని దినాలు ఆగిన, రేపటిదాక ఆగనా?"

నా అబద్ధం మాత్రం ఏ ప్లగిన్ లేకుండానే నడిచింది. పాట అతికించిన రోజే ఆ మాట చెరిగిపోయింది. పొద్దున్నే వస్తుంది, ఎట్లా చెప్పాలో మీరే చెప్పండి.