దళం నుంచి విడిగా వచ్చిన నాగూరమ్మ

1958 వేసవిలో నన్ను ప్రభుత్వ ప్రచార శాఖలో సహాయకుడిగా గుంటూరులో వేశారు. అప్పటికి ఒంగోలు, చీరాల కూడా గుంటూరు జిల్లాలోనే ఉండేవి. అందువల్ల మా పరిధి కృష్ణ ఒడ్డున మొదలై కొత్తపట్నం సముద్రం దాకా సాగేది. ఒక వ్యాను, డ్రైవరు, బ్యాటరీ మీద నడిచే మైకుసెట్టు నా చేతికిచ్చారు. విత్తనశుద్ధి, పురుగుమందులు, మశూచి టీకాలు, ఏది చెప్పమంటే అది ఊళ్లలో చెప్పించడం నా ఉద్యోగం. ఉపన్యాసమంటే జనం రారు. బుర్రకథ అంటే పక్క ఊళ్ల నుంచి కూడా బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు.

బుర్రకథ దళంలో ముగ్గురుంటారు. మధ్యలో తంబురా మీటుతూ కథ నడిపేది కథకుడు. అటూ ఇటూ డక్కీలు వాయిస్తూ ‘తందాన’ అనేవాళ్లు వంతలు. మేం పిలిచే దళాల్లో చిలకలూరిపేట దగ్గరి మీరాసాహెబు దళానికి గిరాకీ ఎక్కువ. దూదేకుల ఇంట పుట్టిన మనిషి, గంటలాంటి గొంతు. ఒక వంత సాంబయ్య, హాస్యం అతనిది. రెండో వంత మీరాసాహెబు చెల్లెలు నాగూరమ్మ. పత్తి తీతల రోజుల్లో కూలికి వెళ్లేది, మిగతా రోజుల్లో దళంతో తిరిగేది. మా శాఖ చెప్పమన్న సంగతులకు పాటలు కట్టేది ఆవిడే. చదువు లేదు. నేను విషయం చెప్తే, వ్యాను ఊరు చేరేలోగా వరస కుదిర్చేది.

రెండేళ్లు తిరక్కుండానే అన్నాచెల్లెళ్లకు చెడింది. కారణం ఒక పాట. మిరపకోతల ఆడవాళ్ల మీద నాగూరమ్మ సొంతంగా కట్టుకున్నది. పర్చూరు దగ్గర ఒక వీరగాథ మధ్యలో అది అందుకోబోతే, మీరాసాహెబు తంబురా గట్టిగా మీటి కథను ముందుకు లాక్కుపోయాడు. మర్నాటి నుంచి ఆవిడ దళంలోకి రాలేదు.

దళం విడిపోతే మా కార్యక్రమాలు ఆగిపోతాయి. రాజీ చేయమని మా అధికారి నన్ను పంపారు.

మీరాసాహెబు మెత్తబడలేదు. “దాని పాటకి డక్కీ పట్టదండీ. యుద్ధం నడుస్తుంటే ఏడుపేంటి? జనం లేచిపోతే మీరొచ్చి కూచోబెడతారా?” అన్నాడు.

నాగూరమ్మ ఇంటి అరుగు మీద దూది విడదీస్తూ కూర్చుంది. “అన్న మీద నాకేం కోపం లేదు బాబుగారూ. ఇన్నేళ్లూ ఆయన మాటకి తందాన అన్నాను. నా గొంతు ఎట్టా ఉంటదో నాకే తెలవకుండా పోయింది. ఒక్కసారి ఒక్కదాన్నే పాడనీయండి” అంది.

మా అధికారి వెంటనే ఒప్పుకోలేదు. వంతలు లేకుండా ఆడమనిషి ఒక్కతే నిలబడి పాడడం గురించి ఆయన ఎన్నడూ వినలేదు. చివరికి ఒక్క కార్యక్రమానికి అనుమతిచ్చారు. జనం లేచిపోతే ఇక ఆవిడను పిలవకూడదన్నది షరతు. అప్పటికే మీరాసాహెబు కొత్త వంతను పెట్టుకున్నాడు. అంటే ఆవిడకు వెనక్కి వెళ్లే దారి కూడా లేదు.

మార్టూరు దగ్గర ఒక మిరప కళ్లంలో ఏర్పాటు చేశాం. మధ్యాహ్నం ఎండ. పండుమిరప పరచిన కళ్లం ఎర్రగా మెరుస్తోంది. కాయలు ఏరుతూ ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. మగవాళ్లు బళ్ల మీద చేరారు.

“ఏమ్మా, మిగతావోళ్లేరీ?” అని ఒకడు అరిచాడు. “డక్కీ లేకుండా ఇదేం కతే?” అని ఇంకొకడు.

నాగూరమ్మ దళంలో పాడినట్టే గొంతెత్తి విత్తనశుద్ధి పాట అందుకుంది. రెండో చరణంలో మిరప ఘాటు గొంతుకు తగిలి దగ్గు తెర వచ్చింది. పాట ఆగింది. బళ్ల మీద నవ్వులు. ఇద్దరు ముగ్గురు లేచారు కూడా. నేను వ్యాను పక్కన నిలబడి, గ్రామఫోను రికార్డు వేసి గండం గట్టెక్కిద్దామా అని చూస్తున్నాను.

ఆవిడ నీళ్లు తాగి నావైపు తిరిగింది. “మైకు నా నోటి దగ్గరికి జరపండి బాబుగారూ. ఇంక అరవను.”

జరిపాను. పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడుతున్నంత మెల్లగా పాడింది.

“మిరప కోసిన చేత్తోటి కన్ను తుడవకే చెల్లీ
ఏడుపొచ్చిన నాడు తుడువు, ఎందుకని ఎవరూ అడగరే”

కాయలు ఏరే చేతులు ఆగిపోయాయి. ఒక పెద్దావిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పని ఆగిందని కళ్లం రైతు ఏదో అనబోయి, తన ఇంటావిడ మొహం చూసి ఊరుకున్నాడు. పాట అయ్యాక ఆడవాళ్లలోంచి ఒకామె, “మళ్లీ పాడమ్మా” అంది. మళ్లీ పాడింది. లేచిన మగవాళ్లు ఎప్పుడు కూర్చున్నారో నేను గమనించలేదు.

ఆ తర్వాత ఆరేడేళ్లు నాగూరమ్మ ఒక్కతే తిరిగింది. అద్దంకి పత్తి చేల దగ్గర, చీరాల మగ్గాల వీధుల్లో, గుంటూరు మిరప కొట్ల ముందు పాడింది. రేడియోలో కూడా వినిపించింది. ప్రతి ఊరూ ఆదరించలేదు. కొన్నిచోట్ల కథ కావాలని గోల చేస్తే, నాలుగు పాటలు పాడి దిగివచ్చేది.

ఒకసారి గుంటూరు ఎగ్జిబిషన్‌లో అన్నాచెల్లెళ్లిద్దరికీ ఒకే సాయంత్రం కార్యక్రమం పడింది. మీరాసాహెబు వేదిక వెనక్కి వచ్చి, చెల్లెలి మొహం చూడకుండా, “నీ మిరపకాయల పాట మమ్మల్ని కూడా అడుగుతున్నారే. ఇస్తావా?” అన్నాడు.

“తీసుకో అన్నా. డక్కీలు మాత్రం కింద పెట్టించు.”

ఆయన వంతలచేత డక్కీలు కింద పెట్టించి, ఒంటి తంబురా మీద పాడాడు. నాగూరమ్మ జనంలో కూర్చుని వింది. రెండో చరణంలో ఆయన ఒక మాట మార్చితే, “అది కాదన్నా!” అని కిందినుంచే అందించింది. జనమంతా నవ్వారు, మీరాసాహెబు కూడా నవ్వి సరిచేసుకున్నాడు. ఆవిడ దళంలోకి తిరిగి వెళ్లలేదు, ఆయన రమ్మనలేదు.

తర్వాత నా సర్వీసులో చాలా దళాలు విడిపోవడం చూశాను. ఎవరైనా బయటికి వస్తే ముందు రాజీకి కూర్చోబెట్టడం మా శాఖలో ఆనవాయితీ. నేను ముందు ఆ మనిషిని పిలిచి, ఏం పాడదలుచుకున్నారో పాడించుకుని వినేవాణ్ణి. రాజీ అవసరమో కాదో ఆ పాట విన్నాకే తేలేది.