కుడివైపు పతకాలు

ఇక్కడ యూనివర్సిటీలో చదివే రోజుల్లో, యుద్ధంలో పోయినవాళ్ళని తలుచుకునే ఆన్జాక్ డే పొద్దున, నేనూ మా రూంమేటూ హారిస్ పార్క్‌లో రైలెక్కాం. ఎదుటి సీట్లో ఇక్కడి ఆదివాసీ పెద్దాయన, కోటుకి పతకాలతో కూర్చున్నారు. నా నోరు ఊరుకోదు కదా, "అంకుల్, మీరు ఏ యుద్ధానికి వెళ్ళారు?" అని అడిగేశాను.

"నావైతే ఎడమవైపు పెట్టుకునేవాణ్ణి. కుడివైపు పెట్టుకున్నామంటే ఇంట్లోవాళ్ళవని. ఇవి మా నాన్నవి."

వాళ్ళ నాన్న ఒక తెల్లదొర పశువుల ఫారంలో పనిచేసేవాడట. దొర ఒప్పుకోనిదే ఫారం దాటకూడదు, పెళ్ళి కూడా చేసుకోకూడదు. అలాంటి మనిషి పారిపోయి సైన్యంలో చేరాడట.

నాకు ఒళ్ళు మండింది. "మళ్ళీ ఆ దొరల కోసమే పోరాడాడా?"

"సైన్యంవాళ్ళు 'వస్తావా?' అని అడిగారు. అంతకుముందు ఆయన్ని ఎవరూ ఏదీ అడగలేదు."

"తిరిగొచ్చాక?"

"మళ్ళీ అదే ఫారం." పతకాలు చప్పుడు చెయ్యకుండా అరచేత్తో అదిమిపట్టుకున్నారు.

మాది భూములున్న రైతు కుటుంబమని రెండేళ్ళుగా రూంలో అందరికీ చెబుతున్నవాణ్ణి, ఎందుకో ఆగలేకపోయాను.

"మా తాత కూడా అంతే అంకుల్. కామందు దగ్గర పాలేరు. ఆయన చెప్పందే ఊరు దాటలేదు."

పక్కన రూంమేటు ఫోన్లోంచి తలెత్తాడు.

"మీ తాత పేరేంటి?" అన్నారు పెద్దాయన.

గట్టిగానే చెప్పాను.