పాటలో వదిలిన చోటు

నా చిన్నప్పుడు, అరవవాళ్ళ నడుమ సారం అనే పేటలో ఉన్న మా వీధికి మొదటి టేప్ రికార్డర్ వచ్చినప్పుడు, దాన్ని అందరికంటే ఎక్కువగా అనుమానించింది నేనే. అది పక్కింటి అక్కది. ఆమె భర్త ఫ్రాన్సు నుంచి వచ్చినప్పుడు తెచ్చాడు. ఎర్ర మీటనూ దాని పక్క మీటనూ కలిపి నొక్కితే మనం మాట్లాడింది లోపలికి పోతుంది, ఇంకోటి నొక్కితే బయటికి వస్తుంది. లోపలికి పోయినదంతా తిరిగి వస్తుందా, కొంచెం లోపలే ఉండిపోతుందా అని నాకు తెగని సందేహం.

మా అవ్వ, అంటే నాన్న తల్లి, పెళ్ళిళ్ళలో నలుగు పాటలు పాడేది. సారంలోనే కాదు, విల్లియనూరులోని తెలుగు ఇళ్ళలో కూడా పెళ్ళికూతురిని పీట మీద కూర్చోబెట్టి పసుపు రాసే వేళకు అవ్వ ఉండాల్సిందే. తాంబూలం ఇచ్చి మరీ పిలిచేవాళ్ళు. మా ఇంట్లో నాన్నకు మిల్లులో ఉద్యోగం ఉండేది గానీ, వీధిలో అవ్వకున్నంత గౌరవం ఉండేది కాదు.

పక్కింటి అక్క తన చెల్లెలి పెళ్ళి దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం ఆ పెట్టె ఎత్తుకుని మా ఇంటికి వచ్చింది. అవ్వకు అప్పటికే దగ్గు పట్టుకుంది. "గొంతు బాగున్నప్పుడే పట్టుకుందాం అవ్వా" అంది. ఆ 'పట్టుకుందాం' అన్న మాట నాకు నచ్చలేదు. పట్టుకునేది దొంగనో కోడినో. పాటను ఎందుకు పట్టుకోవాలి? పాట పెట్టెలోకి పోయాక రేపు అవ్వకు తాంబూలం ఎవరిస్తారు?

పైగా అక్క నన్ను గదిలో ఉండనివ్వలేదు. వీధి మొదట్లో నిలబడి, అమ్మకానికి వచ్చేవాళ్ళు కేకలు వేయకుండా చూడమంది. సోలై నగర్ నుంచి చేపలు తెచ్చే ఆమెను మాత్రం ఆపలేకపోయాను. నేను నోరు మూసుకుంటే నా చేపలన్నీ నువ్వు కొంటావా అని అరవంలో తిట్టి, ఇంకా గట్టిగా అరుస్తూ పోయింది. నేను తిరిగి వచ్చేసరికి అక్క పెట్టె మూస్తోంది, అవ్వ తనలో తాను నవ్వుకుంటోంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. నాకు ఆ నవ్వు మీద కూడా అనుమానమే.

పెళ్ళి నాటికి అవ్వ జ్వరంతో పడుకుంది. పక్కింట్లో పెళ్ళికూతురు పీట మీద కూర్చుంది. అక్క మీట నొక్కగానే అవ్వ గొంతు వచ్చింది. ఆడవాళ్ళంతా నోళ్ళు తెరిచి విన్నారు. "పసుపు ఆరిపోతుంది, పీట మీదికి రావే" అని పాడి, పెళ్ళికూతురి పేరు రావాల్సిన చోట గొంతు ఆగిపోయింది. గాజుల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాతి చరణం చివర కూడా అంతే. నలుగు పాటలో పేరు పెట్టి పిలవకుండా పసుపు రాయడం మా వాళ్ళకు అశుభం. రాయబోయిన పెద్దావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. పెళ్ళికూతురి మొహం వాడిపోయింది.

నేను ఊరుకోలేదు. "నువ్వే చెరిపేసినావు అక్కా!" అని అందరి ముందూ అరిచాను.

"యాడ చెరిపినా? నాకేం పనే?" అంది అక్క. "అవ్వ ఊపిరి తీసుకుంటా ఉందనుకున్నా."

"సరిగ్గా పేరు కాడనే తీసుకుంటుందా?"

అందరూ అక్క వైపు తిరిగారు. నేను పరుగెత్తి అవ్వను లేపి సంగతి చెప్పాను. అవ్వ దుప్పటి కప్పుకునే వచ్చి పక్కింటి గుమ్మంలో నిలబడింది.

"ఏందమ్మా, మీకు నోళ్ళు లేవా?" అంది ఆడవాళ్ళతో. "ఆ మిషనే పేరు కూడా చెప్పేస్తే మీరేం జేస్తారు? కాఫీ తాగతా కూసుంటారు. పేరు మీరు చెప్పల్ల. దానికోసరమే చోటు వదిలినా. రేపు ఇంకో ఇంట్లో ఈ టేపు పెడితే, ఆ పిల్లను కూడా ఈ పిల్ల పేరుతోనే పిలస్తారా?" తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు సుమ్మా ఉండవే, నోరు మూసుకోని, పోలీసమ్మా."

గదంతా నవ్వింది. టేపు వెనక్కి తిప్పారు. చోటు రాగానే మొదట ఒకరిద్దరు తడబడుతూ పేరు చెప్పారు. తర్వాతి చరణానికి అందరి నోటా పలికింది. పెద్దావిడ చెయ్యి ముందుకు వచ్చింది. అక్క నా దగ్గరికి వస్తుంటే గిల్లుతుందేమోనని బిగుసుకుపోయాను. నా చెంపకు కూడా కాస్త పసుపు పూసి పోయింది.

అవ్వకు తాంబూలం ఆగలేదు. గొంతు పూర్తిగా పోయాక కూడా పిలిచేవాళ్ళు. పాడటానికి కాదు, టేపు ముందు కూర్చుని, చోటు రాగానే చెయ్యెత్తి చూపడానికి.

ఆ క్యాసెట్టును చివరికి అక్క నాకే ఇచ్చింది. ఈమధ్య దానికి బూజు పడుతుంటే, పట్నంలో పాత క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే అంగడికి తీసుకుపోయాను. వదిలేసి రేపు రమ్మంటే నేను కదలకుండా అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. బడిలో అరవమే చదివిన నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది జుట్టు నెరిశాకే. ఆ కొత్త ధైర్యంతో 'పాటలో ఖాళీలు తీయవద్దు' అని అట్ట మీద గుండ్రంగా రాసి ఇచ్చాను. అంగడిలోని అమ్మాయికి తెలుగు చదవడం రాదన్న సంగతి నాకు తట్టనే లేదు. ఆమె ఖాళీలన్నీ కత్తిరించి, చేపలామె కేక కూడా తుడిచేసి, "నీట్‌గా చేసేశాను పాటీ" అని, నన్ను అవ్వా అని పిలుస్తూ అరవంలో చెప్పింది. వింటే పాట గుక్క తిప్పుకోకుండా పరుగెత్తుతోంది. ఎవరూ దూరడానికి సందు లేదు.

మళ్ళీ మొదటినుంచీ ఎక్కించమన్నాను. క్యాసెట్టు తిరుగుతుండగా ఆమె పేరు అడిగి తెలుసుకుని, చోటు రాగానే ఆ పేరు పెట్టి పిలిచాను. ఆ అమ్మాయి చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. ఆ తర్వాత ఏదీ కత్తిరించలేదు.

అనుమానం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఏదైనా కనబడకపోతే ఎవరు తీశారా అనే ముందు చూస్తాను. ఆ వెంటనే, ఎవరైనా నాకోసం వదిలిపెట్టారేమోనని కూడా చూస్తాను. మధ్యాహ్నాలు ఒక్కదాన్నే పాట పెట్టుకుంటాను. గాజులు చప్పుడవుతాయి, వెనకాల ఎక్కడో చేపలామె అరుస్తుంది. పేరుకోసం వదిలిన ఆ చోట నేను అవ్వ పేరు చెబుతాను. ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదు.