రంగులాయన అనుమానం

గోడలకు రంగులేసే ఆ పెద్దాయన ఆసుపత్రి ఎమర్జెన్సీకి తన కాళ్ళ మీద తానే నడిచి వస్తాడు. కనుబొమ్మల మీద నీలం చుక్కలుంటాయి. స్ట్రెచర్ వస్తే గోడకు అతుక్కుని దారిస్తాడు. అతుక్కున్నవాడు ఊరుకోక, పెచ్చు ఎక్కడ లేచిందో వేలితో తట్టి చూస్తాడు. వాళ్ళ వీధిలోనూ డాక్టరున్నాడు. ఆయన పరీక్షలు రాస్తాడు, అవి ఇంకో వీధిలో చేస్తారు, ఫలితం ఎల్లుండి వస్తుంది. ఈయన మాత్రం రేపు పొద్దున్నే మేడ గోడకు నిచ్చెన వెయ్యాలి.

ఆ సాయంత్రం ఎడమచెయ్యి తిమ్మిరెక్కిందని వచ్చాడు. "మళ్ళీ వచ్చావా బాబాయ్! ఇది ప్రాణం మీదికొచ్చినవాళ్ళకి" అంది నర్సు.

"నాకు వచ్చిందో లేదో తెలిస్తే ఇంట్లోనే పడుకుందును గదమ్మా. చెప్పాల్సింది మీరు."

గుండె పరీక్ష చేశారు. "గుండె గుండ్రాయిలా ఉంది. మెడ పట్టేసిందంతే, వెళ్ళిరా" అని కుర్ర డాక్టరు నవ్వాడు. ఈయన కదల్లేదు.

"రేపు నిచ్చెన మీద చెయ్యి పట్టు తప్పదంటారా?"

"అంత భయమైతే ఎలా?"

"పడితే నా ఒక్కడి సంగతే అయితే ఇక్కడిదాకా రాను బాబూ. కింద నిచ్చెన పట్టుకుని నిలబడేది మా ఆవిడ."

డాక్టరు నవ్వు ఆపి, తన వేళ్ళు అందించాడు. "గట్టిగా పట్టుకో, చూద్దాం."