బాడుగ లేకుండా వచ్చిన లూపర్

మా నాయన బతుకులో గట్టిగా ద్వేషించింది ఒక్కటే, బాడుగ, సరుకు మోసినందుకు ఇచ్చే డబ్బు. అప్పులవాళ్లతో కూర్చుని టీ తాగేవాడు. వరసగా రెండేళ్లు వాన ఎగ్గొట్టినా "వచ్చే ఏడు సూద్దాంలే" అనేవాడు. బాడుగ అన్న మాట చెవిన పడితే మాత్రం మొహం మాడ్చుకునేవాడు.

రాయదుర్గంలో మాకు ఎనిమిది మిషన్ల జీన్సు యూనిట్ ఉండేది. కుట్టిన ప్యాంట్లు మూటలు కట్టి బస్సు టాపు మీద బళ్లారికో గుంతకల్లుకో పంపేవాళ్లం. మూటకు లగేజీ టికెట్టు కొట్టనివ్వకుండా కండక్టరును ఒప్పించడంలో నాయనను మించినవాడు లేడు. ఒక టీ, ఒక బీడీ కట్ట, పిల్లల క్షేమ సమాచారం, అంతే, మూట బళ్లారిలో దిగేది. చిన్న వస్తువుకు అదీ లేదు. బస్టాండులో నిలబడి "ఏమప్పా, గుంతకల్లుకు పోతాండావా?" అని ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టేవాడు. పోగొట్టినవాడు ఒక్కడూ లేడు. దాంతో భూమ్మీద ఏ వస్తువైనా ఎవరో ఒకరి చేత ఊరికే వస్తుందని ఆయనకు గట్టి నమ్మకం ఏర్పడింది.

ఆ నమ్మకానికి రెండు వేల అయిదులోనో ఆరులోనో పరీక్ష వచ్చింది. ప్యాంటు కాళ్ల లోపలి కుట్టు వేసే మిషన్ మాకు ఒక్కటే ఉండేది. ఎవరో వదిలించుకున్న పాత అమెరికా మిషన్, సెకండ్‌హ్యాండులో కొన్నది. అందులో లూపర్ విరిగింది. వేలెడంత వంకర ఇనుప ముక్క, కింద నుంచి దారం అందించేది. బెంగళూరులో అడిగితే ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదన్నారు. మా ఊరి లేత్ మిషన్ ఆయన అలాంటిదే చేసిచ్చాడు గానీ, పది కుట్లకొకసారి దారం పుటుక్కున తెగేది.

ఆ మిషన్ మీద కూర్చునే పనామెను నేను అక్కా అనేదాన్ని, కుట్టిన ప్యాంటుకింత అని తీసుకునే పీసు రేటు మనిషి. మిషన్ తిరిగితే రోజుకు నూరు రూపాయల దాకా వచ్చేవి. విరిగిన రోజు నుంచి నేల మీద కూర్చుని ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించే పని. దానికి ముప్పై. వాళ్ల చేన్లో వేరుశనగ రెండేళ్లుగా విత్తనాల ఖర్చు కూడా తిరిగి ఇవ్వలేదు. మొగుడూ ఇద్దరు పిల్లలూ ఆ నూరు మీదే ఉన్నారు. ఈ సంగతి మా అందరికీ తెలుసు.

నేనప్పుడు డిగ్రీ రెండో ఏడు. ఇంట్లో ఇంగ్లీషు, కంప్యూటరు రెండూ నా శాఖలే. బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌లో రెండు రోజులు వెతికితే అమెరికాలో ఒక పాత విడిభాగాల దుకాణం దొరికింది. అదే లూపర్, ఫోటోతో సహా. నెట్ సెంటర్ ఆయన దగ్గర క్రెడిట్ కార్డు ఉంది, కొనిపెడతానన్నాడు. వెల ఎనిమిది డాలర్లు. నాయన మొహం వెలిగింది. తర్వాతి పేజీలో పోస్టేజి అని నలభై రెండు డాలర్లు కనిపించింది. రూపాయల్లో పందొమ్మిది వందల చిల్లర.

"ఎనిమిదికి నలభై రెండు బాడుగనా?" నాయన కుర్చీలోంచి లేచాడు. "వాడేమన్నా దాన్ని పల్లకీలో తెస్తాండాడా?"

"లోకమంతా ఇంతే అన్నా" అన్నాడు నెట్ సెంటర్ ఆయన.

"లోకమంతా మోసపోతే మనమూ మోసపోవల్లనా?"

ఆ క్షణంలో బటన్ నొక్కి ఉంటే ఈ కథ లేదు. మౌస్ నా చేతిలోనే ఉంది. నేను కూడా నాయన కూతురినే కదా, "అవును నాయనా, అన్యాయం" అని పేజీ మూసేశాను.

ఉత్తరాలు మొదలయ్యాయి. నాయన చెప్పడం, నేను ఇంగ్లీషులోకి మార్చడం. 'అయ్యా, మీ ఊరి నుంచి మా పక్కకు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల చేతికి ఇచ్చి పంపండి. వారికి భోజనం మేము పెడతాం.' దుకాణంవాడు చాలా మర్యాదగా పోస్టేజి పట్టిక పంపాడు. 'అయితే ఓడలో వేయండి, మాకు తొందర లేదు.' మళ్లీ అదే పట్టిక. తొందర లేదని రాస్తున్నప్పుడు అక్క గుర్తుకు రాలేదా అంటే వచ్చింది. అయినా రాశాను. చివరికి, పది లూపర్లు కొంటే బాడుగ తగ్గుతుందా అని అడిగించాడు నాయన. బరువు పెరుగుతుంది కాబట్టి అరవై ఒకటి అవుతుందని జవాబు వచ్చింది. గిరాకీ పెంచితే బాడుగ పెంచే వ్యాపారిని నాయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

మూడు వారాలు ఇలా గడిచాక ఆయనకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మా జిల్లాలోనే, ఒక ఆశ్రమం కోసం, తెల్లవాళ్లు రోజూ బస్సులు దిగే ఊరొకటి ఉంది. "అంతమంది ఊరికే వస్తాండారు. ఒకరి సంచిలో వేలెడు ఇనుముకు జాగా లేదా?" అన్నాడు. విరిగిన లూపర్‌ను చేతి రుమాలులో కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

అక్కడ జ్యూస్ కొట్టు ముందు నిలబడి, కనిపించిన ప్రతి తెల్ల మనిషినీ ఆపాడు. ముందు రుమాలు విప్పి వంకర ఇనుము చూపించేవాడు, తర్వాతే నేను నోరు తెరవాలి. ఇద్దరు భయపడి రోడ్డు అవతలికి పోయారు. ఒకాయన పది రూపాయలు చేతిలో పెట్టి దండం పెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మూడోసారి పోయినప్పుడు ఒక అమెరికా పెద్దావిడ దొరికింది. ఓపికగా అంతా విని, వారంలో ఇంటికి వెళ్తున్నానని, రెండు నెలలకు మళ్లీ వస్తానని, తెస్తానని చెప్పింది. ఆ దుకాణం వాళ్ల దేశంలోపలైతే పోస్టేజి తీసుకోదని కూడా చెప్పింది. నాయన ఎనిమిది డాలర్లకు సరిపడా దుడ్లు ఆమె చేతిలో పెట్టి, గెలిచినవాడిలా బస్సెక్కాడు.

అక్క వారానికోసారి అడిగేది, "అన్నా, యాడికొచ్చింది అది?"

"వస్తాండాదిలేమ్మా, మనిషి చేత వస్తాండాది" అనేవాడు నాయన. మనిషి చేత అనేటప్పుడు గొంతులో గర్వం వినిపించేది. అక్క తల వంచుకుని దారాలు కత్తిరించేది.

పెద్దావిడ వెళ్లిన నెలకు అక్క పని మానేసింది. గొడవేమీ పడలేదు. సోమవారం రాలేదు, అంతే. బళ్లారిలో పనికి కుదిరిందని, సంసారం కూడా అక్కడికే మార్చిందని తెలిసింది.

ఇచ్చిన మాట ప్రకారం పెద్దావిడ లూపర్ తెచ్చింది. నాయన ఆనందం పట్టలేక ధర్మవరం పోయి, పట్టుచీర కొని ఆమెకు పెట్టాడు. ఆ చీర వెలకు నాలుగు లూపర్లు విమానంలో వచ్చేవి. ఇన్ని ప్రయాణాల చార్జీలు, హోటలు భోజనాలు, నెట్ సెంటర్ గంటలు, నాయన లెక్కలో ఇవేవీ బాడుగ కావు. యూనిట్‌కు వచ్చినవాళ్లందరికీ లూపర్ చూపించి "అమెరికా నుంచి, బాడుగ సున్నా" అనేవాడు.

మెకానిక్ లూపర్ బిగించాడు. మిషన్ చక్కగా తిరిగింది. దాని మీద కాలు కుట్టు కుదిరేవాళ్లు మాత్రం లేరు. ఇద్దరిని కూర్చోబెట్టాం. రెండు డజన్ల ప్యాంట్లు వంకరపోయాయి.

అక్కను పిలుచుకురమ్మని నాయన నన్ను బళ్లారి పంపాడు. మధ్యాహ్నం అన్నం వేళకు ఆమె యూనిట్ బయటికి వచ్చింది. లూపర్ వచ్చిందక్కా అన్నాను, నా వల్లే వచ్చినంత సంబరంగా. చిక్కిపోయింది, కానీ నన్ను చూసి నవ్వింది.

"బాడుగ ఎంతన్నాడు పాపా ఆ అమెరికావోడు?"

చెప్పాను.

"ముందే తెలిసింటే నెలకింత అని నా కూలిలో పట్టుకోమనేదాన్ని గదా" అంది. "దారాలు కత్తిరిచ్చి అంతకు రెండింతలు పోగొట్టుకుంటి. దావన పోయే తెల్లోళ్లనంతా అడిగితిరి. పక్కనే కూసున్యా, నన్ను ఒక మాట అడగలేదే మీరు."

కోపంగా అనలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆమె నా భుజం తట్టి, బెల్లు కొట్టారని లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికి రాగానే నాయన ఎదురొచ్చాడు. "రానందా? ఆడ రేటు ఎక్కువిస్తాండారేమో."

"అవును నాయనా" అన్నాను.

బళ్లారిలోనూ మా రేటే. పైసా ఎక్కువ లేదు.