తాళం వేసిన టీచరమ్మ

నా గొంతు లావు. చిన్నప్పుడు కాకినాడలో సంగీతం నేర్పిన పంతులమ్మగారు ‘మగపిల్లాడి గొంతే నీది’ అని నన్నెప్పుడూ వెనక వరుసలో కూర్చోబెట్టేవారు. తాళం దగ్గర మాత్రం ఎవరు తడబడినా నా చేతివైపే చూసేవారు. పెళ్లయి, మా ఆయన ఉద్యోగంతో పాటు హైదరాబాదు వచ్చి, ఆబిడ్స్‌లో ఒక బళ్లో టీచరుగా చేరాక పాట సంగతి మరిచిపోయాను. మరిచిపోయానని అనుకున్నాను, అంతే.

మా బళ్లో లెక్కల టీచరు సుల్తాన్ బజార్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఒకరోజు పరీక్ష పేపర్లు దిద్దుతూ నేను ఏదో కూనిరాగం తీస్తుంటే ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

“నీకు కింది సుతి గింత మంచిగ పలుకుతది, ఎన్నడు చెప్పలేదేంది చెల్లే? మా పాటల గుంపుల కింది గొంతులే దొరుకుతలేవు. శనివారం నాతోని రా.”

అలా వెళ్లాను నాంపల్లి స్టేషను పక్క హాలుకి. ముప్పై మంది పాడేవాళ్లు, నలుగురు ఫిడేలు వాయించేవాళ్లు, కాళ్లతో తొక్కే ఆర్గను. కాచిగూడ నుంచి ఒక రైల్వే గుమస్తా పెద్ద ఫిడేలును రిక్షాలో కూర్చోబెట్టి, తాను పక్కన నడుచుకుంటూ వచ్చేవాడు. రెండు మూడొందల ఏళ్ల కిందటి యూరప్ సంగీతం, బరోక్ అంటారట. నాకు ఒక్క ముక్క తెలియదు. లాటిన్ మాటలు తెలుగులో రాసుకున్నాను. ఏ దేవుడి పాటైతేనేం అన్నాడు మా ఆయన.

ఆడవాళ్లలో కింది గొంతుల వరుసను ఆల్టో అంటారు. పాడించే మాస్టారు నన్నొక చరణం పాడమని, విని, “గీ గొంతు ఇన్ని దినాలు ఏడ దాచిన్రు?” అన్నారు. నా లావు గొంతు ఒకరికి కావలసి రావడం అదే మొదలు. ఇంటికి వెళ్లేదాకా నా కాళ్లు నేలమీద లేవు.

మాస్టారు ఇంట్లో ఇంగ్లీషు, వీధిలో ఉర్దూ మాట్లాడే మనిషి. తెలుగు ఆయనకు బజార్లో అబ్బింది. మొదటి రోజే నా చేయి తొడమీద పడుతుంటే పాట ఆపించారు.

“ఏం చేస్తున్నరు టీచరమ్మా?”

“తాళం వేస్తున్నానండీ.”

ఆయన వెంటనే తలుపువైపు తిరిగారు. “తాలా? గిప్పుడే ఎందుకు? మగోళ్లు ఇంకా రాలే కద!” గుమ్మం దగ్గర స్టూలుమీద కునుకుతున్న చౌకీదారు ఉలిక్కిపడి లేచి తాళాల గుత్తి తీశాడు. హాలంతా ఒకటే నవ్వు. అక్క ఆయనకు విడమరిచి చెప్పింది. మాస్టారు నవ్వలేదు. “గా చప్పుడు వద్దు. నా చేతిల పుల్లను చూడుండ్రి చాలు,” అన్నారు.

పుల్లను చూస్తే నాకు లెక్క కుదరదు. ఎనిమిదేళ్లప్పటి నుంచి నా లెక్కంతా ఈ కుడిచేతిలోనే ఉంది.

ఆ సీజనుకు మూడు కచేరీలు, మూడింటికీ కలిపి ఒకటే టిక్కెట్టు. వానాకాలం కచేరీలో పాట చివర మాస్టారు ఎంతో ముచ్చటపడి పెట్టుకున్న నిశ్శబ్దం ఒకటుంది. అందరూ ఊపిరి బిగబట్టిన ఆ క్షణాన నా చేయి టప్‌మని తొడమీద పడింది, గాజులు గలగలమన్నాయి. ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. క్రిస్మస్ ముందు జరిగిన రెండో కచేరీలో నా రెండు చేతులకీ లావుపాటి పాటల ఫైలు ఇచ్చి నిలబెట్టారు. చేయి ఆగింది గానీ కాలు ఆగలేదు. మేం నిలబడ్డ చెక్కమెట్టు పాటంతా కిర్రుమంటూనే ఉంది.

“ఇంకొక్కసారి చప్పుడొస్తే మీరు కుర్సీల కూసొని పాట వినుండ్రి,” అన్నారు మాస్టారు.

నాకు ఒళ్లు మండింది. ఆ రాత్రి ఏడుపూ వచ్చింది. మళ్లీ వెనక వరుసకు, ఈసారి ఏకంగా బయటికి! మూడో కచేరీకి గాజులు తీసేశాను. కాలు కదలకుండా బొటనవేళ్లు బిగించి నిలబడటం ఇంట్లో వంట చేస్తూ సాధన చేశాను. పప్పు రెండుసార్లు మాడింది.

సాయంత్రం ఆరున్నరకు స్టేషను నుంచి ఒక బండి బయల్దేరేది. దాని కూత టీ విరామంలో పడేలా మాస్టారు కార్యక్రమం వేసేవారు. మూడో కచేరీ రోజు బండి ఆలస్యం. విరామం అయిపోయి, చివరి పెద్ద పాట మొదలైంది. ముందు ఫిడేళ్లు మాత్రమే వాయించాలి, నా లెక్కలో నాలుగు ఆవర్తనాలు. ఆ తర్వాత ఎత్తుకోవాల్సింది మా ఆల్టో వరుస. మిగతా వరుసలు మా వెనకే ఒకటొకటిగా వస్తాయి. రెండో ఆవర్తనంలో ఇంజను కూత వేసింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. ఫిడేళ్లు ముందుకు పరిగెత్తాయి, పెద్ద ఫిడేలు వెనకబడింది. మాస్టారి పుల్ల గాల్లో ఆగిపోయింది. అంత గట్టిమనిషి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

నా లోపలి లెక్క మాత్రం తప్పలేదు. కొడితే ఈ గుంపులో ఇదే నా ఆఖరి పాట. కొట్టకపోతే పాటే లేదు. ఆఖరిదైతే కానీ అనుకుని, మూడో ఆవర్తనం మొదట్లో ఫైలు అట్టమీద అరచేత్తో గట్టిగా కొట్టాను. దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ముందు కాచిగూడ గుమస్తా తలెత్తి చూసి అందుకున్నాడు. తర్వాత ఫిడేళ్లు. చివరికి మాస్టారి పుల్ల నా చేతితో పాటు కదిలింది. నాలుగో ఆవర్తనం పూర్తికాగానే మేం ఎత్తుకున్నాం. నా లావు గొంతు హాలు చివరిదాకా వెళ్లడం నాకే వినిపించింది. అంత సంతోషం నేను మళ్లీ ఎన్నిసార్లు ఎరుగుదునో వేళ్లమీద లెక్కపెట్టి చెప్పగలను.

చప్పట్లు ఆగాక మాస్టారు నా పక్కనుంచే వెళ్లిపోయారు. వేసవంతా కబురు లేదు. నా పని అయిపోయిందనుకున్నాను. బళ్లు తెరిచాక అక్క వచ్చి, “శనివారం మూడింటికి రమ్మన్నరు,” అంది.

వెళ్లి వరుస చివర నిలబడ్డాను. మాస్టారు పుల్ల చేతిలోకి తీసుకుని, నన్ను వేలితో ముందుకు పిలిచారు.

“కొత్త పాట. మొదలు చెయ్యుండ్రి టీచరమ్మా,” అని, ఆ మాటను జాగ్రత్తగా కూడబలుక్కుని అన్నారు. “తాళం వెయ్యుండ్రి.”

గుమ్మం దగ్గర చౌకీదారు గబుక్కున లేచి, తలుపులు మూసి లోపలి నుంచి తాళం వేసేశాడు. ఆలస్యంగా వచ్చిన మగవాళ్లు బయటి నుంచి దబదబా బాదుతున్నారు. లోపల అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. మాస్టారు మాత్రం తలుపువైపు తిరగలేదు. ఆయన నా చేతివైపే చూస్తున్నారు.