ఆడవాళ్ళ వల్ల కాని మిషను

ప్రెస్సు యజమానికి బుర్ర లేదని బైండరక్కకు ఎప్పుడో తెలుసు. నోరు మాత్రం బోలెడుంది. కటింగ్ మిషను హెడ్ పోస్టు ఖాళీ కాగానే తనకిమ్మని ఆమె అడిగితే, ఆ నోటితోనే నలుగురిలో అన్నాడు: "అది మగాళ్ళ మిషనమ్మా. నీవల్ల కాదు."

పద్దెనిమిదేళ్ళుగా ఆ మిషను బ్లేడును చూసుకుంటున్నది ఆమే. కాగితం తెగే చప్పుడు వింటే చాలు, బ్లేడు ఎటు ఒరిగిందో చెప్పేస్తుంది. ప్రెస్సులోనే పనిచేసే పొడుగోడికి ఏ బోల్టు ఎంత తిప్పాలో నేర్పిందీ ఆమే. పోస్టు పొడుగోడికిచ్చారు. పేరుకు వాడు హెడ్డు. అంచు వంకర పోయినప్పుడల్లా "అక్కా, ఒక్కసారి రావా" అని కేకేసేవాడు. జిగురు చేతులు గుడ్డకు తుడుచుకుని వెళ్ళేది. అలా వెళ్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసేది.

"ఎందుకొచ్చిన గొడవ, ఉన్న పని ఊడుతుంది," అన్నాడు మొగుడు. తాగిన గ్లాసు కూడా తీయలేని మనిషి సలహా ఆమె చెవికెక్కలేదు. భయం మాత్రం ఆమెకూ ఉంది. పనిచోట వివక్ష మీద ఫిర్యాదులు తీసుకునే సర్కారు ఆఫీసు మెట్ల మీద పావుగంట నిలబడిపోయింది.

కౌంటరులో ఆవిడ ఫారం ఇచ్చింది. "ఫిర్యాదు చేశారని మిమ్మల్ని తీసేస్తే అది ఇంకో కేసవుతుంది. ధైర్యంగా రాయండి." ముందు యజమాని సంజాయిషీ పంపాలట, ఆ తర్వాత అధికారి ప్రెస్సుకే వచ్చి చూస్తుందట.

సంజాయిషీ పంపాడు మహానుభావుడు. 'బ్లేడు సరిచేయడం స్త్రీలకు సాధ్యం కాదు' అని సొంత ప్రెస్సులోనే అచ్చొత్తించి, స్టాంపు గుద్ది మరీ పంపాడు. ఆ కాగితం అంచులు వంకర పోతే సరిచేసింది కూడా ఆమే.

అధికారి వచ్చిన రోజు యజమాని ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొడుగోణ్ణి మిషను ముందు నిలబెట్టాడు. "చూడండి మేడమ్, మగాడి పనితనం!" పొడుగోడు నోటుపుస్తకాల కట్ట కోశాడు. వంకర. ఇంకోటి కోశాడు. మరీ వంకర. మధ్యాహ్నానికి పంపాల్సిన సరుకది. యజమానికి ఒళ్ళు మండి, ఎదురుగా ఎవరున్నారో మర్చిపోయి, రోజూ అరిచినట్టే అరిచాడు:

"చాల్లేరా, సరుకంతా తగలేస్తావా! ఆమెని పిలు. ఈ బ్లేడు ఆమెకి తప్ప ఎవడికీ లొంగదు!"

అధికారి కలం మూత తీసింది. "ఇంకోసారి చెప్పండి, రాసుకుంటాను."

యజమాని ఇస్త్రీ చొక్కా సర్దుకున్నాడు. "నిజమే మేడమ్, నాకు నేర్పింది అక్కే," అన్నాడు పొడుగోడు తల దించుకుని. ఉన్న ఇద్దరు మగాళ్ళలో వాడే కాస్త నయం.

"పోస్టు ఈమెకివ్వాలని రాస్తున్నాను," అంది అధికారి. "నెలలో ఉత్తర్వు వస్తుంది. ఈమె తనంతట తాను ఫిర్యాదు మానుకుంటే తప్ప."

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో, యజమాని కాళ్ళబేరానికి వచ్చాడు. "మనం మనం ఒకటి కదమ్మా. ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో. వచ్చే ఏడు నీకే ఇస్తా."

ఆమె మిషను దగ్గరికి నడిచింది. వంగి రెండు బోల్టులు తిప్పింది, కట్ట పెట్టి కోసింది. తిన్నగా తెగిన పుస్తకమొకటి తీసి అతని చేతిలో పెట్టింది.

"వెనక్కి తీసుకోవడమంటే చాలా బరువు పని సార్. ఆడవాళ్ళ వల్ల కాదు."